కొత్తగా ఏం మింగావ్?

ఆవిడ పోయాక పెట్టిన ఆదరణ కూడికలో పాస్టరుగారు నన్ను కూడా రెండు మాటలు మాట్లాడమన్నారు. లేచి, "అందరికీ సాయపడిన మనిషి, ఆ కుటుంబాన్ని దేవుడు ఆదరించాలి" అని చెప్పి కూర్చున్నాను. నా ముందు మాట్లాడినవాళ్ళు, తర్వాత మాట్లాడినవాళ్ళు ఏడ్చారు, నవ్వించారు, మళ్ళీ ఏడ్చారు. ఒకామె అయితే "ఆవిడ నాకు అమ్మకన్నా ఎక్కువ" అంది. ఆ మాటన్న మనిషి తల్లి పక్క కుర్చీలోనే ఉంది. నేను పనిగట్టుకుని మెడ తిప్పి ఆ తల్లి ముఖం చూశాను. ఆవిడేం చేస్తుంది పాపం, కొంగు సర్దుకుంటోంది.

నాకు ఆ పోయిన మనిషంటే కుళ్ళు. ఇన్నేళ్ళూ పైకి అనలేదు గాని లోపల ఎప్పుడూ ఉంది. సమాధి దగ్గర నుంచి తిరిగి వచ్చేటప్పుడు, ఇక దీనికి కూడా మట్టి వేసినట్టేలే అనుకున్నాను. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే అది అలాగే ఉందని తెలిసింది. కూడికలో చెప్పలేనివి అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మేమిద్దరం నర్సులం. ఆవిడది తెనాలి దగ్గర ఊరు, నాది భీమవరం పక్కన. ఒకే ఏడాది ఢిల్లీ వచ్చి ఒకే ఆస్పత్రిలో చేరాం. తర్వాత ఆవిడ ఫరీదాబాద్‌లో ఇంకో ఆస్పత్రికి మారింది. నేను ఢిల్లీలోనే, ద్వారకలో మా ఇంటికి దగ్గరగా ఉంటుందని ఒక నర్సింగ్ హోమ్‌లో చేరాను. ఆ పైన ఆదివారాలు తెలుగు ఆరాధనలోనే కలిసేవాళ్ళం. వయసులో నాకన్నా కొన్ని నెలలే పెద్ద. అయినా పరిచయమైన రోజే "ఏమే చెల్లీ" అంది. ఒకసారి అలా పిలిపించుకున్నాక నేను "అక్కా" అనక ఏం చేస్తాను?

చదువులోగాని పనిలోగాని నేను ఆవిడకి తీసిపోయేదాన్ని కాదు. నరం దొరకని ముసలివాళ్ళకైనా, పసిబిడ్డలకైనా వార్డులో నన్నే పిలిచేవాళ్ళు. మందుల సంగతీ అంతే. ఏది ఎవరికి పడదో, పడనప్పుడు వచ్చే వాటిలో ఏది చూసి ఊరుకోవచ్చో, ఏది చూసి పరిగెత్తాలో నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. ఆవిడకి తెలిసినవన్నీ నాకూ తెలుసు. తేడా అంతా ఒక్కచోటే వచ్చింది. జనం ఆవిడకి నిజం చెప్పేవాళ్ళు. నాకు చెప్పేవాళ్ళు కాదు.

మా తెలుగు ఆరాధన మధ్యాహ్నం, హిందీవాళ్ళది అయిపోయి హాలు ఖాళీ అయ్యాక మొదలవుతుంది. ముగిశాక వెనక వరండాలో టీ, బిస్కెట్లు. అక్కడొక ప్లాస్టిక్ కుర్చీలో ఆవిడ కూర్చునేది. ఆ కుర్చీ ఆవిడదని ఎవరూ రాసిపెట్టలేదు గాని ఇంకెవరూ కూర్చునేవాళ్ళు కాదు. టీ చేతికి అందేలోపే ఆడవాళ్ళు బైబిలు సంచుల్లోంచి మాత్రల షీట్లు తీసేవాళ్ళు. "అక్కా, ఇది నాకు పడటం లేదనుకుంటా." మందు పడలేదు అనే ఒక్క మాటలో మనవాళ్ళు కడుపులో మంట దగ్గర నుంచి ప్రాణం మీదికి రావడం దాకా అన్నీ కలిపేస్తారు. ఏది ఏదో ఆవిడ విడదీసి చూసేది.

ముందు రెండు అరచేతులూ గట్టిగా రుద్దుకునేది. జనవరిలోనే కాదు, మే నెలలోనూ అంతే. చల్లటి చెయ్యి తగిలితే మనిషి ముడుచుకుపోతుందట. తర్వాత ఫోన్ లైటు వేసి, "ఏదీ, నోరు తెరువు" అనేది. చేతిమీద దద్దుర్లు చూపించడానికి వచ్చిన మనిషి బిత్తరపోయి నోరు తెరిచేది. నోరు చూసి, బొటనవేలితో కింది రెప్ప లాగి కళ్ళు చూసి, అప్పుడు గాని చేతి దగ్గరకి వచ్చేది కాదు. వచ్చాక వేలితో మెల్లగా నొక్కి, "దురదా, నొప్పా?" అనేది. దురదంటే పెదాలు ఉబ్బాయేమో, గొంతు పట్టేసినట్టుందేమో, ఊపిరి ఆడుతోందేమో కనుక్కునేది. అవన్నీ బాగుంటే, "ఇది గోల చేసే రకమే. నాలుగు రోజులు గోల చేసి పోద్ది. డాక్టరుకి చెప్పి మాత్ర మార్పించుకో" అని బిస్కెట్ టీలో ముంచేది.

నొప్పి అంటే మాత్రం ఆ బిస్కెట్ టీలోనే విరిగి పడిపోయేది. "జ్వరం ఉందా? ముద్ద మింగుతుంటే మంటా? కళ్ళు ఎర్రబడ్డాయా?" అని అడుగుతూనే చెప్పుల కోసం కాలితో తడుముకునేది. ఒళ్ళంతా కందిపోయి గోక్కుంటూ ఏడుస్తున్న మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, మెడమీద నాలుగు మచ్చలున్న మనిషిని ఆటో ఎక్కించి ఎమర్జెన్సీకి తీసుకుపోవడం చూసి అందరూ వింతగా చెప్పుకునేవాళ్ళు. అందులో నాకు వింతేమీ కనిపించేది కాదు. ఒంటిమీద ఎంత పరుచుకుందని కాదు, లోపలికి ఎంత దిగుతోందని చూడాలని మాకు మొదటి ఏడాదే చెప్పారు. నేనూ ఆ వరండాలోనే టీ కప్పు పట్టుకుని నిలబడేదాన్ని. నన్నెవరూ అడగలేదు.

అందరినీ ఆవిడ అడిగే ఆఖరి ప్రశ్న ఒకటుంది. "కొత్తగా ఏం మింగావ్?" ఈ ప్రశ్న నేనూ అడుగుతాను, నర్సన్నాక ఎవరైనా అడుగుతారు. కానీ నేనడిగితే అందరూ "ఏమీ లేదండీ" అనేవాళ్ళు. సెంట్రల్ గవర్నమెంటులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన ఒక అంకుల్‌గారు ఒకసారి ముఖమంతా వాచి వచ్చారు. ఆ రోజు ఆవిడ రావడం ఆలస్యమైంది. మొదటి ప్రార్థనకి ఏ రోజు వచ్చింది గనక? నాకు అవకాశం దొరికింది కదా అని ముందుకు వెళ్ళాను.

"కొత్తగా మందులేమైనా వేసుకున్నారా అండీ?"

"లేదమ్మా. బీపీ మాత్ర ఒక్కటే, ఏళ్ళ తరబడి వేసుకునేదే."

"బాగా గుర్తు తెచ్చుకోండి. మీ అంతట మీరు వేసుకుంటే చాలా ప్రమాదం."

"నేనలాంటివి చెయ్యనమ్మా" అన్నారు, కొంచెం కోపంగానే.

ఈలోగా ఆవిడ ఆయాసపడుతూ వచ్చి చేతులు రుద్దుకుంది. నోరు చూసింది, నాలుక చూసింది, ఒకసారి గట్టిగా మాట్లాడించి గొంతు విన్నది. అప్పుడు ఆయన పక్కన కుర్చీ లాక్కుని, "కొత్తగా ఏం మింగారు అంకుల్? చెప్పండి, బాగుంటే నేనూ రెండు మింగుతా, మోకాళ్ళు చంపేస్తన్నాయి" అంది. ఆయన పకపకా నవ్వారు. తర్వాత నా వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి, పక్క ఫ్లాట్ శర్మగారు తన నొప్పుల మాత్రలు ఇస్తే మూడు రోజులుగా వేసుకుంటున్నానని చెప్పారు. "అచ్ఛా, శర్మగారి పుణ్యమా ఇది" అని ఆవిడ ఆయన్ని అప్పుడే డాక్టరు దగ్గరకి పంపించింది. ఆయన వెళ్తూ వెళ్తూ ఆవిడ తలమీద చెయ్యి పెట్టి దీవించారు. నాకు "వస్తానమ్మా" అని ఒక ముక్క.

నేను అడిగితే కోర్టులో అడిగినట్టుంటుందని మా ఆయన అంటారు. ఆయన అన్నదానికి నేను బాధపడలేదు. ఆవిడ పంపిన గోంగూర పచ్చడి కలుపుకుంటూ అన్నారు చూడండి, అందుకు బాధపడ్డాను. నేను కేకు పెట్టి పంపిన స్టీలు డబ్బాని ఆవిడ ఏనాడూ ఖాళీగా తిప్పి పంపలేదు. నా డబ్బాలోంచి ఆవిడ వంట తీసి మా ఇంట్లోవాళ్ళు మెచ్చుకుంటూ తినేవాళ్ళు.

ఇవన్నీ చిల్లర కుళ్ళు. అసలుది మా పాప దగ్గర మొదలైంది.

మాకు ఒక్కతే కూతురు. ఇక్కడే పుట్టింది. తెలుగు అంతా అర్థమవుతుంది గాని జవాబు హిందీలో వస్తుంది. "అన్నం తిన్నావా" అంటే "ఖా లియా మమ్మీ." చిన్నప్పుడు పలక మీద దిద్దించాను, కీర్తనలు నేర్పించాను, తెలుగులో అడిగితే గాని ఇవ్వనని చాక్లెట్లు దాచాను. చివరికి అది చాక్లెట్లు తినడం మానేసింది గాని తెలుగులో అడగలేదు. అలాంటిది ఆ వరండాలో ఆవిడ కుర్చీ చేతిమీద కూర్చుని "ఆంటీ, నేను నిన్న బస్సు ఎక్కింది" అని వచ్చీరాని తెలుగులో కబుర్లు చెప్పేది. నేను ఎక్కాను అనాలమ్మా అని దూరం నుంచి దిద్దేదాన్ని. అది నోరు మూసుకునేది. ఆవిడ ఏనాడూ దిద్దలేదు. "ఎక్కిందా? సీటు దొరికిందా?" అని అదే తెలుగులో అడిగేది.

పాప ఎమ్మే చదువుతూ యూనివర్సిటీ దగ్గర మునిర్కాలో గది తీసుకుంది. ద్వారక నుంచి మెట్రోలో రోజూ వెళ్ళిరావచ్చు కదా అంటే లైబ్రరీ అంది. సరే అన్నాను. ఆ జూన్‌లో కొత్త ఆవకాయ జాడీ మోసుకెళ్ళి ఇచ్చి వచ్చాను. చిక్కినట్టు కనిపించింది. ఎండలకి అనుకున్నాను.

తర్వాతి వారం ఫోన్ చేస్తే గొంతు బొంగురుగా ఉంది. జ్వరమట, నోరంతా పూసిందట, కళ్ళు మండుతున్నాయట.

"వేడి చేసిందే. ఆవకాయ కొన్నాళ్ళు ఆపు. సబ్జా నానబెట్టుకుని తాగు, మజ్జిగ తాగు. వేరే మందులేమీ వేసుకోలేదు కదా?"

"నహీ మమ్మీ."

ఢిల్లీ జూన్‌లో నోరు పూసి కళ్ళు మండాయంటే ఏ తెలుగు తల్లయినా వేడి చేసిందనే అంటుంది. మందేమీ లేదని కూతురు చెప్పాక నర్సయిన తల్లి కూడా అదే అంటుంది. రేపు పొద్దున సబ్జా గింజలు, బార్లీ పట్టుకుని వెళ్దామని డబ్బాలో పోసి పెట్టుకున్నాను.

మర్నాడు నేను చెప్పులు వేసుకుంటుండగా ఆవిడ ఫోన్.

"చెల్లీ, కంగారు పడకు. పాపని ఆస్పత్రికి తీసుకొచ్చా. మాత్ర పడలా. నువ్వు, అన్నయ్యగారు రండి."

"ఏం మాత్ర?"

"రా ముందు."

దారంతా ఆ సబ్జా డబ్బా ఒళ్ళో పెట్టుకునే కూర్చున్నానని ఆటో దిగాక చూసుకున్నాను. అది పెద్ద సర్కారీ ఆస్పత్రి, ఎమర్జెన్సీ అంతా తోపులాట. పాప మంచం మీద ఉంది. పెదాలు నల్లగా పక్కులు కట్టాయి. కళ్ళు పుసులతో అతుక్కున్నాయి. మెడమీద, ఛాతీమీద ముదురు ఎరుపు మచ్చలు, ఒకటి రెండు చోట్ల నీటి పొక్కులు. నేను ముట్టుకోబోతే "దుఖ్‌తా హై" అంది, నొప్పని. దురదా నొప్పా అని నేనిక అడగనక్కర్లేకపోయింది. ఆ మచ్చలు చూడగానే నాకు పేరుతో సహా తెలిసిపోయింది. ఇదెక్కడి దాకా వెళ్ళగలదో కూడా తెలిసిపోయింది. చర్మం పొరలు పొరలుగా ఊడినవాళ్ళని, చూపు పోయినవాళ్ళని, ఇంటికి తిరిగి వెళ్ళనివాళ్ళని వార్డులో చూసినదాన్ని. మంచం కోడు పట్టుకుని నిలబడ్డాను.

కుర్ర డాక్టరు హిందీలో చెప్పాడు. మందు నిన్ననే ఆపేశారు కాబట్టి, తొందరగా తీసుకొచ్చారు కాబట్టి ఆశ ఉంది, ఇంకో రెండు రోజులు ఆ మాత్ర మింగి ఉంటే ఏమయ్యేదో చెప్పలేం అన్నాడు. నిన్న ఆపించిందెవరు? నేను నిన్న సబ్జా తాగమన్నాను.

ఆవిడని కారిడార్‌లోకి లాక్కుపోయాను.

"ఏం మాత్ర అక్కా?"

ఆవిడ షీటు చూపించింది. మూర్ఛకి ఇచ్చే మాత్ర అది. మనసు అదుపు తప్పి ఊగిపోయేవాళ్ళకి కూడా ఇస్తారు. మెల్లమెల్లగా పెంచుతారు. చాలామందికి ఏ గొడవా లేకుండా పడుతుంది. ఎవరో ఒకరికి మొదటి వారాల్లో ఇలా తిరగబడుతుంది.

"పాపకి మూర్ఛ లేదు కదా."

"లేదు. మనసు బాగోక డాక్టరు దగ్గరకి వెళ్ళింది. మంచి డాక్టరే, అన్నీ చెప్పే ఇచ్చింది."

"నీకెప్పుడు చెప్పింది?"

"ఇప్పుడది ఎందుకే?"

లోపల నా కూతురి తోలు ఊడుతుందో ఊడదో తెలియదు. అయినా ఆ క్షణంలో నాకు కావలసింది అదే. "ఎప్పుడు చెప్పింది?" అన్నాను మళ్ళీ.

"మాత్ర మొదలుపెట్టకముందే."

"నాకెందుకు చెప్పలేదు నువ్వు?"

"చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది. అమ్మకి నువ్వే చెప్పు అని ప్రతి వారం చెప్తానే ఉన్నా. ధైర్యం చేసుకుంటన్నా ఆంటీ అనేది. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పా దానికి. జ్వరమొచ్చినా, నోరు పూసినా, ఒంటిమీద మచ్చ కనిపించినా ముందు నాకు ఫోన్ చెయ్యి, ఇంకో మాత్ర మింగొద్దు అని. నిన్న సాయంత్రం చేసింది. అప్పుడే ఆపించేశా. రాత్రే పోదామంటే తెల్లారనీ ఆంటీ అంది, తెల్లారేసరికి మచ్చలొచ్చినయ్."

"తల్లిని నేను" అన్నాను.

"నువ్వేనే. కానీ ఇంట్లో కూడా నర్సువే."

ఆ మాట నేను ఇప్పటికీ క్షమించలేదు. ఆవిడ చేసింది తప్పేనని ఇప్పటికీ అంటాను. పిల్ల మనసు బాగోలేదని తల్లికి చెప్పకుండా ఆదివారం ఆదివారం నాకు నమస్తే చెప్పి టీ తాగిన మనిషి. అదే మనిషి ఆ ఒక్క జాగ్రత్త చెప్పకపోయి ఉంటే, అది నా సబ్జా నీళ్ళు తాగుతూ రోజూ ఆ మాత్ర మింగుతూనే ఉండేది. ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి ఎంతకాలం చూసినా నాకు లెక్క తేలలేదు.

వారాల తరబడి ఆస్పత్రిలో ఉన్నాం. వీపుమీద చర్మం ఊడింది. నోట్లోకి నీళ్ళు కూడా చెంచాతోనే. కళ్ళు అతుక్కోకుండా కడిగి చుక్కలు వేసే పని నేను ఎవరికీ ఇవ్వలేదు, ఆవిడకి అసలే ఇవ్వలేదు. ఆవిడ డ్యూటీ దిగి ఫరీదాబాద్ నుంచి మెట్రోలో వచ్చి, చేతులు రుద్దుకుని, పాప పాదాలు పట్టుకుని కూర్చునేది. పాదాల మీద మచ్చలు లేవు. నేను కళ్ళ దగ్గర ఉండగా, కళ్ళు మూసుకుని ఉన్న నా కూతురు పాదాలు పట్టుకున్నదెవరో గుర్తుపట్టి "ఆంటీ" అనేది. మాట స్పష్టంగా రాకపోయినా నాకు వినిపించేది.

పాప బతికింది, చూపు దక్కింది. కళ్ళు మాత్రం ఎండిపోతాయి, ఇప్పటికీ రోజూ చుక్కలు వేసుకోవాలి. మనసుకి వేరే మందు వాడుతోంది. దాని పేరు నాకు చెప్పింది. ముందు ఆవిడకి చెప్పి, ఆవిడ తరిమితే వచ్చి నాకు చెప్పింది.

కిందటేడు ఆవిడకి కేన్సర్ అన్నారు. మందులకి నరాలన్నీ గట్టిపడిపోయి, సూది గుచ్చితే దొరికేవి కావు. ఒకరోజు ఫరీదాబాద్ నుంచి ఫోన్. "చెల్లీ, ఈ పిల్లలు నన్ను పొడిచి చంపుతున్నారు. నువ్వొచ్చి పెట్టు." వెళ్ళాను. నా చేతులు రుద్దుకుని ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. ఎందుకలా రుద్దుకున్నానో నాకే తెలియదు, అలవాటు లేని పని. ఒక్క పోటుకి నరం దొరికింది.

"నీ చేతికి నేనెప్పుడూ కుళ్ళుకునేదాన్నే" అంది ఆవిడ, టేపు అంటిస్తుంటే. నవ్వుతూనే అంది. నిజమో, నన్ను సంతోషపెట్టడానికి అందో ఇప్పుడెవర్ని అడగాలి? అడగడానికి మనిషి లేకుండా పోయింది. అందుకు కూడా నాకు కోపంగానే ఉంది.

కూడిక అయిపోయి ఇంటికి వచ్చాం. పాప కూడా మాతోనే వచ్చింది. దాని కళ్ళు ఏడవడానికి సరిపడా తడవవు, ఎర్రబడతాయంతే. నేను చుక్కల మందు తెచ్చి ఇచ్చాను. అది వేసుకుంటూ, టీ గిన్నె దించుతున్న నా చేతి వైపు చూసింది. నేను చెయ్యి చీర కొంగులోకి లాక్కున్నాను. పంటి వాపుకి ముందురోజు నుంచి ఒక మాత్ర వేసుకుంటున్నాను. మధ్యాహ్నం నుంచి మోచేతి దగ్గర దద్దుర్లు, దురద. దురదే కదా, ఊపిరి బాగానే ఉంది కదా, ఈ రోజున ఇంట్లో వాళ్ళకి చెప్పడమెందుకని ఊరుకున్నాను.

పాప లేచి వచ్చి గిన్నె నా చేతిలోంచి తీసి పక్కన పెట్టింది. రెండు అరచేతులూ గట్టిగా రుద్దుకుంది. నా చెయ్యి పట్టుకుని కొంగు తొలగించి చూసింది. తర్వాత ఫోన్ లైటు వేసింది.

"ఏదీ, నోరు తెరువు."

తెలుగులో అంది. నేను పలక మీద దిద్దించిన తెలుగు కాదది, మా భీమవరం యాస కూడా కాదు. అచ్చం తెనాలిదే. ఆ 'ఏదీ'ని అలా సాగదీసే మనిషి ఈ ఊళ్ళో ఒక్కతే ఉండేది. నా ఇంట్లో, నా వంటగదిలో, నా కూతురి నోట్లోంచి ఆవిడ నన్ను పలకరిస్తున్నట్టుంది. ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళు నేను మొత్తుకున్నా రాని భాష ఆవిడ దగ్గర ఎప్పుడు నేర్చుకుందో.

"కొత్తగా ఏం మింగావ్ అమ్మా?"

"ఏమీ లేదు" అన్నాను.

అది కోప్పడలేదు. "చెప్పు, బాగుంటే నేనూ రెండు మింగుతా" అంది. ఆ కళ్ళల్లో చుక్కల మందు తడి ఇంకా ఉంది.

మాత్ర పేరు చెప్పాను. తర్వాత నోరు తెరిచాను.